రాతి మీద ఆమె పేరేది?

పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలూ బయటపడ్డాయని మన కరీంనగర్ ప్రాంతం వాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. ఆ రోములోనే బానిసలను, యుద్ధఖైదీలను గ్లాడియేటర్లుగా మార్చి, జనం వినోదం కోసం ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పేవారు. వాళ్ల శిరస్త్రాణాలు, సమాధి రాళ్లు ఇవాళ యూరప్ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిని సేకరించడం, చదవడం తప్పని నేననను. ఎవరి పక్షాన నిలబడి చదువుతున్నామన్నదే నా ప్రశ్న.

నేటి టర్కీలోని హలికర్నాసస్‌లో దొరికిన ఒక రాతిఫలకం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని మీద ఇద్దరు స్త్రీలు డాళ్లు పట్టి తలపడుతున్నారు. అమెజాన్, అకిలియా అని పేర్లు చెక్కారు. అవి కన్నవాళ్లు పెట్టిన పేర్లలా లేవు, ఆట కోసం తగిలించినవి. అసలు పేర్లు రాతికెక్కలేదు.

క్రీ.శ. 200 ప్రాంతంలో సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి స్త్రీల పోరాటాలను నిషేధించాడు. జాలిపడి కాదు. వాటివల్ల గొప్పింటి స్త్రీలు కూడా ఎగతాళి పాలవుతున్నారని! ఈ సంగతి ఆ కాలపు చరిత్రకారుడు డియో కాసియస్ రాశాడు. మగ బానిసల చావులు మాత్రం ఆగలేదు. అంటే స్త్రీని బరిలోకి దింపిందీ, బయటికి పంపిందీ పెద్దల అవసరాలే.

రోము దాకా ఎందుకు? మన తెలంగాణ పల్లెల్లో పోరులో చచ్చిన మగవాడికి వీరగల్లు ఉంది. భర్తతో కాలిపోయిన ఆడదానికి సతిశిల ఉంది. గాజులతో పైకెత్తిన చేయి దాని గుర్తు. ఆమె తానే మంటల్లోకి నడిచిందా, ఎవరైనా నెట్టారా అన్నది ఆ చేయి చెప్పదు. చెక్కించినవాళ్లు చెప్పనివ్వరు. పసుపు కుంకాలు పెట్టి మనం కూడా అడగడం మానేశాం. 1987లో రాజస్థాన్‌లోని దేవరాలాలో రూప్ కన్వర్ చితిలో కాలిపోతే, దాన్ని ఘనకార్యంగా కొనియాడినవాళ్లు వేలల్లో ఉన్నారు. సతిని కీర్తించడం కూడా నేరమని అదే ఏడాది చట్టం చేయవలసి వచ్చింది.

అలాగని ఆ రాళ్లను పగలగొట్టాలా? వద్దు. అవి సాక్ష్యాలు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో రోడ్డు పనులకు, ఇళ్ల పునాదులకు పోకుండా కాపాడుకోవాలి. దొరికిన చోటు, ఊరు రాసిపెట్టాలి. మ్యూజియంలో పెడితే పక్కన పలక మీద "పతివ్రత" అని కాదు, "భర్త చితిలో కాలిపోయిన స్త్రీ" అని రాయాలి. పేరు లేకపోతే లేదనే రాయాలి.

మీ ఊళ్లో అలాంటి రాయి ఉందా? ముసలమ్మలను అడగండి. మొక్కే ముందు, ఆమె ఎవరని అడగండి.