హార్సిలీహిల్స్ మీది నీడను కాపాడండి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ, అటవీ శాఖ అధికారులకు,



మాది మదనపల్లె. హార్సిలీహిల్స్‌కు మేం సెలవులు చూసుకుని, గదులు బుక్ చేసుకుని పోయేవాళ్లం కాము. ఎండలు ముదిరితే పోతాం, చుట్టాలొస్తే వెంటబెట్టుకుని పోతాం, పరీక్షలు అయిపోయాయంటే పిల్లలే పోరు పెట్టి తీసుకుపోతారు. పొద్దున్నే చిత్రాన్నం కట్టుకుని బయల్దేరితే చీకటి పడేలోగా ఇల్లు చేరుకోవచ్చు. బెంగళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్లతో పాటు, మండీలో టమోటా పెట్టెలు మోసి ఒక్కపూట తీరిక చేసుకున్న కుటుంబాలూ ఆ కొండెక్కుతాయి. వాళ్లందరి తరఫున అని చెప్పుకునే అధికారం నాకు లేదు. వాళ్లలో ఒకరిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. కొండపైన ఆ ఎత్తు 1,200 మీటర్లు దాటుతుంది. పైకి పోయేకొద్దీ ప్రతి 100 మీటర్లకు సుమారు 0.6 డిగ్రీల వేడి తగ్గుతుందని బడిలో చదువుకున్నాం. ఆ లెక్కన ఎత్తు వల్ల మాకు దక్కేది మూడు, మహా అయితే మూడున్నర డిగ్రీల చల్లదనం. ఏప్రిల్ మధ్యాహ్నం ఊళ్లో బస్సెక్కి కొండమీద దిగినవాళ్ల ఒంటికి తెలిసే తేడా అంతకన్నా చాలా ఎక్కువ. ఆ మిగతా హాయి అంతా చెట్ల నీడ పెట్టిన భిక్ష. కొండ ఎత్తును ఎవరూ తగ్గించలేరు. నీడను మాత్రం నాలుగు రంపాలతో, ఒక వేసవిలోనే పోగొట్టుకోగలం. ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి ఆ భయమే కారణం.

ఇక్కడి గాలి విలువ మా పెద్దలకు బాగా తెలుసు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగులకు ఆసుపత్రి వెలిసింది ఇక్కడి పొడిగాలిని నమ్ముకునే. పంతొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర వేసవిలో ఉండటానికి ఈ కొండమీద బంగళా కట్టించుకున్నాడు. అంతకు ముందు నుంచీ ఇది ఏనుగు మల్లమ్మ కొండ. అడవిలో ఉంటూ రోగాలకు మందులిచ్చిన మల్లమ్మకు ఏనుగులే తిండి తెచ్చిపెట్టేవని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. కొండమీది పాత నీలగిరి చెట్టు మొదట్లో నిలబడి తల పైకెత్తి చూడని పిల్లలుండరు. నలుగురు చేతులు కలిపి దాని మాను చుట్టుకొలత చూడటం ఇంటింటా ఒక ముచ్చట.

కొండమీది గాలిబండ దగ్గరికి ఒకసారి తీరిగ్గా రండి. లోయవైపు నుంచి గాలి విసురుగా వచ్చి చీరకొంగులను లాగేస్తుంది. పిల్లలు చేతులు చాపి ఆ గాలికి ఎదురు నిలబడతారు. ఆ సందడి కాస్త పక్కనపెట్టి, వంగి బండను చూడండి. నెర్రెల్లో వాననీళ్లు తెచ్చిపోసిన గుప్పెడు మట్టి, ఆ మట్టిని పట్టుకుని సన్నటి గడ్డి కనిపిస్తాయి. పక్క నెర్రెలోనే కుక్కిన చిప్స్ ప్యాకెట్టు, పగిలిన సీసా పెంకు, ఆ పైన రంగుతో రాసిన ఎవరివో పేర్లు ఉంటాయి. ఆ పని చేసింది కొండకు వచ్చిన మా బోటి జనమే. అందుకే ప్రభుత్వాన్ని అడిగేవాటితో పాటు మేం చేయాల్సిందీ ఉందని ఒప్పుకునే రాస్తున్నాను.

ఈ రాతిగుట్టలనే నమ్ముకుని బతికే పిట్ట ఒకటుంది. తల, గొంతు పసుపుపచ్చగా ఉండే పికిలిపిట్ట. దక్షిణ భారతంలోని రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఉండదు. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో పక్షిప్రియులు మా కొండకు వస్తారు. కొండ దిగువన రిషివ్యాలీ బడివాళ్లు బోడిగుట్టల మీద ఏళ్ల తరబడి చెట్లు పెంచారు. చెట్లతో పాటు పక్షులూ వచ్చాయి. కష్టపడితే ఈ కరువు నేలలో కూడా పచ్చదనం తిరిగొస్తుందనడానికి సాక్ష్యం మా కళ్లెదుటే ఉంది.

అందుకే ఈ నాలుగు విన్నపాలు.

మొదటిది, చెట్టు కొట్టి కొత్త కట్టడం వద్దు. గదులో, హోటలో తప్పనిసరైతే ఇప్పటికే కట్టడాలున్న జాగాలోనే సర్దండి. అద్దాల వంతెనలు లేకపోయినా జనం ఈ కొండకు వస్తూనే ఉన్నారు.

రెండోది, ఆదివారాలు, పండగరోజుల్లో కార్లను కొండ కిందే ఆపి, పైకి ఆర్టీసీ చిన్నబస్సులు నడిపించండి. రద్దీ తట్టుకోలేకే 2024 మే నెల నుంచి ఊటీ, కొడైకెనాల్‌లకు ఈ-పాస్ పెట్టాల్సి వచ్చింది. మనకు ఆ గతి పట్టకముందే మేలుకుందాం. చివరి బస్సు ఎన్నింటికో బోర్డు మీద రాసి పెడితే, కారు లేనివాళ్లు కూడా సూర్యాస్తమయం చూసి నిశ్చింతగా దిగగలరు.

మూడోది, మంచినీళ్లు, మరుగుదొడ్లు. నీళ్లు పట్టుకోవడానికి కుళాయిలుంటే ప్లాస్టిక్ సీసా కొనే అవసరమే పడదు. తిరుమలలో గాజు సీసాలు అలవాటు చేసిన రాష్ట్రానికి ఇది అసాధ్యం కాదు. శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే ఆడవాళ్లు ఆ రోజంతా నీళ్లు తాగడమే మానేస్తారు. వాళ్లకు ఇంకేం చల్లదనం?

నాలుగోది, చుట్టుపక్కల పల్లెల పిల్లలకు శిక్షణ ఇచ్చి దారి చూపేవాళ్లుగా పెట్టండి. మల్లమ్మ కథ, పికిలిపిట్ట జాడ, చెట్ల పేర్లు వాళ్ల నోటితో వినాలి. ఆ పిల్లలకు కొండ అన్నం పెట్టిననాడు దాని మీద చెత్త వేసే చేతిని వాళ్లే పట్టుకుంటారు.

కొండమీద ఏ పని తలపెట్టినా, టెండరు పిలవక ముందే ఆ ప్రణాళికను మదనపల్లెలో, బి.కొత్తకోటలో జనం ముందు పెట్టండి. దీనివల్ల కొండమీద నీడ పెరుగుతుందా, తరుగుతుందా అని మేం అడిగే ప్రశ్నకు జవాబు చెప్పండి. పెరిగేదైతే మొక్కలకు నీళ్లు మోయడానికి మేమూ వస్తాం. తరిగేదైతే ఆ పని దయచేసి మానుకోండి.

ఇట్లు,
మదనపల్లె వాసి