గ్లౌజుల ఖర్చు ఎవరిది?

మంచం పట్టిన మనిషికి ఇంట్లోనే ఉండి సేవ చేసే స్త్రీని ఒక్కో ఇంట్లో ఒక్కోలా పిలుస్తారు. ఆయా, కేర్‌టేకర్, అటెండెంట్. పిలుపు ఏదైనా పని ఒకటే. డైపర్లు మార్చాలి, యూరిన్ బ్యాగు ఖాళీ చెయ్యాలి, పడక పుండ్లు కడగాలి, కఫం తుడవాలి. చాలాచోట్ల ఇన్సులిన్ సూది కూడా వెయ్యాలి. ఈ పనికి కావలసిన గ్లౌజులు, మాస్కులు, ఏప్రన్, సబ్బు ఎవరు కొనాలన్నది చిన్న విషయంగా తీసిపారేస్తారు. చిన్నదైతే ఎవరో ఒకరు ఎప్పుడో కొనిచ్చేవారు కదా!

హైదరాబాదులో ఈ పని చేసే స్త్రీలతో మాట్లాడినప్పుడల్లా నేను వినేది ఒకటే. ఏజెన్సీని అడిగితే 'ఆ ఇంటివాళ్లని అడుగు' అంటారు. ఇంటివాళ్లని అడిగితే 'నెలనెలా ఏజెన్సీకి అంత కడుతున్నాం, ఇవి కూడా మేమే కొనాలా' అంటారు. చివరికి ఆమె తన జీతంలోంచి కొనుక్కుంటుంది, లేకపోతే వట్టి చేతులతోనే చేస్తుంది. ఒకే జత గ్లౌజుల్ని కడిగి, ఆరబెట్టి, మళ్లీ మళ్లీ వాడుకునేవాళ్లూ ఉన్నారు.

ఇదే రోగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు సంగతి వేరు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం, అక్కడ ఆ వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ రక్షణ సామగ్రి ఇవ్వడం, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించడం ఆసుపత్రి యాజమాన్యం బాధ్యత. ఆ నియమాలు అన్ని ఆసుపత్రుల్లోనూ అమలవుతున్నాయని నేననను. కనీసం నిలదీయడానికి ఒక కాగితం ఉంది. రోగి డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక ఆ నియమాలు ఇంటివాళ్లని అడిగేది వ్యర్థాలను వేరు చేసి మునిసిపాలిటీవాళ్లకి అప్పగించమని మాత్రమే. వాటిని వేరు చేసే చేతుల గురించి పట్టించుకునేవాళ్లు లేరు. అదే సూది, అదే రక్తం. గోడ మారితే ప్రమాదం మారుతుందా?

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లో, భద్రత కోసం చేసిన ఏర్పాట్లకి ఉద్యోగి దగ్గర డబ్బు వసూలు చెయ్యకూడదని ఉంది. మంచి మాటే. కానీ సాధారణంగా ఆ కోడ్ లెక్కలోకి వచ్చేది పదిమంది, ఆపైన పనిచేసే సంస్థలు. ఒక్క స్త్రీ పనిచేసే ఇల్లు ఆ లెక్కలో ఎక్కడుంది? భద్రతా చర్యల ఖర్చు కార్మికుల మీద పడకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒప్పందం 1981లోనే చెప్పింది. 2022లో ఆ సంస్థ సురక్షితమైన పని వాతావరణాన్ని మౌలిక హక్కుల్లో చేర్చింది. సూత్రం ఎప్పటినుంచో ఉంది. అది ఇంటి గడప దాటి లోపలికి రావడం లేదు.

ఏజెన్సీలు 'మేము మధ్యవర్తులం మాత్రమే' అని తప్పుకుంటాయి. జీతం ఎంతో నిర్ణయించేది ఎవరు? కమీషన్ పట్టుకునేది ఎవరు? ఈ ఇంటినుంచి తీసి ఆ ఇంటికి పంపేది, ఒకరు మానేస్తే మరొకరిని పంపేది ఎవరు? ఇన్ని అధికారాలున్నవాళ్లు యజమానులే. యజమానులైతే రక్షణ సామగ్రి ఖర్చు వాళ్లదే. ఆ ఖర్చు కలిపే కుటుంబానికి బిల్లు వెయ్యమనండి. అప్పుడు భారం పెరుగుతుందని మధ్యతరగతి కుటుంబాలు అంటాయి. నిజమే, పెరుగుతుంది. ఆ భారం ఇప్పుడూ ఉంది. ఇంట్లో అందరికన్నా తక్కువ డబ్బున్న స్త్రీ మోస్తోంది కాబట్టి కనబడటం లేదు.

డబ్బొక్కటే అడ్డం కాదు. గ్లౌజులు అడిగితే 'మా అమ్మంటే అసహ్యమా?' అనే ఇళ్లున్నాయి. ఇంట్లో కోడలు వట్టి చేతులతో చేస్తోంది కదా అని సామ్యం చెబుతారు. కోడలికీ గ్లౌజులు కావాలని మాత్రం ఎవరికీ తట్టదు! ప్రేమ ఉంటే రక్షణ అక్కర్లేదన్నది స్త్రీల శ్రమని ఊరికే వాడుకోవడానికి పితృస్వామ్యం నేర్పిన పాఠం. మలమూత్రాలు ఎత్తే పని ఫలానా కులాల స్త్రీలదేననే నమ్మకం దానికి తోడు. ఆమె గ్లాసు వేరు, కంచం వేరు. ఆమె స్పర్శ నుంచి తమని కాపాడుకోవడానికి ఇన్ని ఏర్పాట్లు చేసుకునే ఇల్లు, రోగం నుంచి ఆమెని కాపాడే ఒక్క ఏర్పాటు అడిగితే అవమానంగా భావిస్తుంది.

ప్రభుత్వం తీరు కూడా ఇలాగే ఉంది. 2020 మే 3న హైదరాబాదు గాంధీ ఆసుపత్రి మీద హెలికాప్టరుతో పూలు చల్లారు. ఆ ఆగస్టు 7, 8 తేదీల్లో దేశమంతటా ఆశా వర్కర్లు సమ్మె చేశారు. కోవిడ్ రోజుల్లో ఇల్లిల్లూ తిరిగిన ఆ స్త్రీలు అడిగిన వాటిల్లో రక్షణ సామగ్రి ఒకటి. వాళ్లని 'వాలంటీర్లు' అన్నంతకాలం ప్రభుత్వం కూడా యజమాని బాధ్యత తప్పించుకుంటూనే ఉంటుంది.

మన సంస్థల్లోనూ ఈ ప్రశ్న వెయ్యాలి. గృహ సంరక్షణ ప్రాజెక్టులు నడిపేవాళ్లు బడ్జెట్ రాసేటప్పుడు శిక్షణకీ, ప్రయాణాలకీ, రిపోర్టులకీ పద్దులు పెడతారు. గ్లౌజులకి పద్దు ఉందా? 'సేవాభావం' అనే మాట ఆ పద్దు స్థానంలో కూర్చోకూడదు.

మనం అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. రక్షణ సామగ్రిని పనిలో చేరిన రోజే, అయిపోయినప్పుడల్లా, ఏజెన్సీయే ఉచితంగా ఇవ్వాలి. ఆ సంగతి ఒప్పందంలో రాయాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ యజమాని ఖర్చుతో వేయించాలి. సూది గుచ్చుకుంటే హెచ్.ఐ.వి. నివారణ మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి కాబట్టి, ఎక్కడికి వెళ్లాలో ఆమెకి ముందే చెప్పి, ఆ రోజు జీతం కొయ్యకుండా పంపాలి. గ్లౌజులు అడిగినందుకు పని పోకూడదు. ఏజెన్సీలను కార్మిక శాఖ రిజిస్టర్ చేసి, ఈ షరతులు పాటించని వాటికి అనుమతి రద్దు చెయ్యాలి. ఇంటిపనివారి సంఘాలు తమ డిమాండ్ల పత్రంలో కనీస వేతనం పక్కనే ఇవి చేర్చాలి. కనీస వేతనం సాధించుకుని, అందులోంచే గ్లౌజులు కొనుక్కోవలసి వస్తే అది కనీస వేతనం కాకుండా పోతుంది.