ఐదు యూనిట్లు, వెయ్యి రూపాయలు

డిసెంబరు కరెంటు బిల్లు చూసి నాన్న నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. 2024 మార్చిలో గృహజ్యోతి మొదలైనప్పటి నుంచి మాకు ప్రతి నెలా జీరో బిల్లే. ఆ నెల మాత్రం వెయ్యి దాటింది. 200 మీద ఎక్కువ కాలింది ఎంతో తెలుసా? ఐదంటే ఐదు యూనిట్లు! 200 దాటితే ఆ ఐదింటికే కాదు, మొదటి యూనిట్ నుంచీ కట్టాల్సిందే.

ముద్దాయి హాల్లో ఉన్న రెండడుగుల అక్వేరియం. షాపతను మాత్రం "కరెంటు ఏముంటది అన్నా, నైట్ బల్బంత" అన్నాడు. సగం నిజమే. పరికరం మీద రాసున్న వాట్లను రోజుకు నడిచే గంటలతో గుణించి, వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. మా ఫిల్టర్ 10 వాట్లు. 24 గంటలూ ఆగకూడదు కాబట్టి నెలకు 7 యూనిట్ల పైచిలుకు. 12 వాట్ల ఎల్‌ఈడీ లైటు రోజుకు 8 గంటలు వెలిగితే దాదాపు 3. బుడగలొదిలే 3 వాట్ల ఎయిర్ పంపుకు ఇంకో 2. అన్నీ కలిపి 12 చిల్లర. ఇంతవరకు షాపతను చెప్పింది రైటే.

అసలు దొంగ చలికాలమని కొత్తగా పెట్టిన 100 వాట్ల హీటర్. థర్మోస్టాట్ ఉంటుంది కాబట్టి రోజంతా నడవదు. కానీ ఆగి ఆగి మొత్తం 10 గంటలు నడిచినా రోజుకో యూనిట్, నెలకు 30. మా వాడకం మామూలుగా 175 దగ్గర. చలికి ఫ్యాన్లు తిరగవుగా అనుకున్నాం, గీజర్ ఆ లోటు తీర్చేసింది.

లోడ్ గురించైతే భయం అక్కర్లేదు. అన్నీ ఒకేసారి నడిచినా 125 వాట్లే, రెండు పాత ఫ్యాన్లంత కూడా కాదు. ఇన్వర్టర్ ఉంటే దానికి ఫిల్టర్, ఎయిర్ పంపు చాలు. హీటర్ వద్దు, గంటో రెండు గంటలో కరెంటు పోతే నీళ్లేం చల్లారిపోవు. వైర్లను మాత్రం సాకెట్ కన్నా కిందికి వేలాడి పైకి వెళ్లేలా వదలండి, నీటి చుక్క ప్లగ్‌లోకి జారదు.

బెట్టా, డిస్కస్ లాంటివి పెంచితే చలికాలం హీటర్ తప్పదు. తొట్టికి మూత, వెనక థర్మోకోల్ షీటు పెడితే అది నడిచే గంటలు తగ్గుతాయి. మా ఇంట్లో ఉన్నవేమో రెండు గోల్డ్‌ఫిష్‌లు. చన్నీళ్ల చేపలు, హైదరాబాద్ చలి వాటికి లెక్కే కాదు! రోజుకో డిగ్రీ చొప్పున తగ్గిస్తూ హీటర్ ఆపేశాను. జనవరిలో మళ్లీ జీరో బిల్లు. నాన్న ఇప్పుడు వాటికి మేత కూడా వేస్తున్నాడు.