ప్యాచ్ వేశారు సరే, తాళంచెవులు మార్చారా?

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు రోజూ చెప్పే అబద్ధాల్లో "ఐదు నిమిషాల్లో అయిపోతుంది" అన్నది మొదటిదైతే, "ప్యాచ్ వేసేశాం" అన్నది రెండోది. మొదటిదాని వల్ల మేనేజర్‌కి బీపీ పెరగడం తప్ప పెద్ద నష్టమేం లేదు. నా గోలంతా రెండోదాని గురించే.

హార్ట్‌బ్లీడ్ పేరు విననివాళ్ళు మనలో ఎవరూ ఉండరనుకుంటా. ఓపెన్ ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో ఉన్న ఈ బొక్క 2014 ఏప్రిల్ 7న బయటపడింది. నేనప్పటికి ఇంజనీరింగ్‌లో కూడా చేరలేదు, కాబట్టి ఆ రాత్రి జాగారాల గొప్పలన్నీ సీనియర్లవే. కోడ్ చేరింది మాత్రం 2011 డిసెంబర్ 31న. అంటే రెండేళ్ళ పైచిలుకు ఆ తలుపు తెరిచే ఉంది, ఎవరూ చూసుకోలేదు.

కేసముద్రం మార్కెట్ యార్డు చూసినవాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్తా. నేను ఒక్క బస్తా మిర్చి తెచ్చి దించి, చీటీ మీద 64 బస్తాలని రాసిచ్చాననుకోండి. దడ్వాయి కాంటా పెట్టలేదు, చీటీ చూసి నమ్మేశాడు. కాసేపాగి "నా సరుకు నాకిచ్చెయ్" అన్నాను. పక్క రైతుల కుప్పల్లోంచి 63 బస్తాలు కలిపి నా బండికెత్తాడు. హార్ట్‌బీట్ అనే ఎక్స్‌టెన్షన్‌లో జరిగింది అచ్చం ఇదే. పంపింది ఒకటో రెండో బైట్లు, పొడవు దగ్గర రాసింది 64 కేబీ. సర్వరు కొలుచుకోకుండా తన మెమరీలో పక్కనున్నదంతా కలిపి వెనక్కి పంపేది. ఆ పక్కనున్న దాంట్లో పాస్‌వర్డులుండొచ్చు, సెషన్ కుకీలుండొచ్చు, ఆఖరికి సర్వరు ప్రైవేట్ కీ కూడా ఉండొచ్చు. మామూలు లాగుల్లో ఆనవాలు కూడా మిగలదు.

ప్రైవేట్ కీ దొరకడం కష్టంలే అని మొదట్లో క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళు కూడా అనుకున్నారు. ఏప్రిల్ 11న ఒక సర్వరు పెట్టి, చేతనైతే కీ లాగండి చూద్దాం అని సవాలు విసిరారు. గంటల్లోనే లాగేశారు!

ఇక ప్యాచ్ అంటారా, పొడవు సరిచూసే నాలుగు లైన్లు. దడ్వాయి చేత కాంటా పెట్టించడమన్నమాట. 1.0.1జీ వచ్చింది, అందరూ వేసుకున్నారు. బాగుంది. కానీ ఇవాళ్టి నుంచి కాంటా పెడితే నిన్నటిదాకా పోయిన బస్తాలు తిరిగొస్తాయా? కీ పోయి ఉండొచ్చు కాబట్టి కొత్త కీ చేయించాలి, దాంతో కొత్త సర్టిఫికెట్ తీసుకోవాలి, పాతదాన్ని రివోక్ చెయ్యాలి, నడుస్తున్న సెషన్లన్నీ తెంపాలి, ఆ తర్వాత వాడుకరులకి విషయం చెప్పి పాస్‌వర్డులు మార్పించాలి. ఇందులో ఏ ఒక్కటి వదిలేసినా పాత కీ ఉన్నవాడు దర్జాగా మన సైటు వేషం కట్టొచ్చు. ఫార్వర్డ్ సీక్రసీ లేని రోజుల్లో రికార్డు చేసి పెట్టుకున్న ట్రాఫిక్‌ని తీరిగ్గా విప్పి చదువుకోవచ్చు.

మరి ఎంతమంది చేశారు? మిచిగన్ యూనివర్సిటీ తదితర చోట్ల పరిశోధకులు అప్పట్లో లెక్కగట్టారు. పేరున్న పెద్ద సైట్లలో దాదాపు అన్నీ రెండ్రోజుల్లో ప్యాచ్ వేసుకున్నాయి. సర్టిఫికెట్ మార్చుకున్నవి మాత్రం, దెబ్బతిన్న సైట్లలో నెల రోజులకి 10 శాతం. ఆ పది శాతంలోనూ 14 శాతం మంది పాత ప్రైవేట్ కీతోనే కొత్త సర్టిఫికెట్ చేయించుకున్నారు. ఇంట్లో దొంగలు పడితే తలుపుకి కొత్త రంగేసి, తాళం మాత్రం పాతదే వేసుకున్నట్టు.

మొదటిసారైతే పోనీలే అనుకోవచ్చు. 2008 మే 13న డెబియన్ వాళ్ళ ఓపెన్ ఎస్ఎస్ఎల్ సంగతి బయటపడినప్పుడూ ఇదే పాఠం. 2006లో ఎవరో వార్నింగులు వస్తున్నాయని రెండు లైన్లు తీసేస్తే, ఒక్కో రకం యంత్రం మీద ఒక్కో సైజులో పుట్టగలిగే కీలు 32,767కి పడిపోయాయి. లైబ్రరీ అప్‌డేట్ చేస్తే పాత కీలు బాగుపడవు, మళ్ళీ చేసుకోవాల్సిందే. ఆరేళ్ళ తర్వాత కూడా మనకి ఆ జ్ఞాపకం లేదు.

ఎందుకిలా అంటే మన ఆఫీసుల్లో పని ఎలా నడుస్తుందో చూస్తే చాలు. సెక్యూరిటీ స్కానరు ఒక ఎర్రగీత చూపిస్తుంది, దానికో టికెట్ పుడుతుంది. వెర్షన్ నంబరు మారితే ఎర్రగీత పోతుంది, టికెట్ చస్తుంది, అందరూ టీకి వెళ్తారు. రెడ్‌హ్యాట్ వాళ్ళు బ్యాక్‌పోర్ట్ చేసి ఇస్తారు కదా, 1.0.1ఈ అనే పేరు అలాగే ఉంచి లోపల బాగుచేస్తారు. ఇలాంటి చోట ఆడిటర్‌తో కిరికిరి వారం రోజులు. "నంబరు మారలేదు, ఒప్పుకోను" అంటాడు. అటు చూస్తే, డిస్కు మీద కొత్త లైబ్రరీ ఉన్నా రీస్టార్ట్ చెయ్యని ప్రాసెస్ మెమరీలో పాతదే పట్టుకు వేలాడుతుంటుంది. దాని గురించి అడిగే కాలమ్ ఆడిటర్ ఎక్సెల్‌లో ఉండదు!

2022 నవంబర్ 1 గుర్తుందా? ఓపెన్ ఎస్ఎస్ఎల్ 3.0లో క్రిటికల్ లోపం ఉందని వారం ముందే చాటింపేశారు, 3.0.7 వచ్చేనాటికి దాన్ని హై అని తగ్గించారు. ఆ వారమంతా మేం సర్వర్లు వెతికాం. ఒక క్లయింటు తరఫున (పేరు చెప్పనులెండి) కాల్‌లో ఒకాయన తెగ సంబరపడిపోయాడు, "మనం సేఫ్, మనదింకా 1.0.2" అని. 2019 డిసెంబర్‌తో సపోర్ట్ పోయిన లైబ్రరీ అది. ఇంట్లో కరెంటే లేదు కాబట్టి షాక్ కొట్టదన్నట్టుంది ఆయన ధైర్యం. కాల్‌లో ఉన్న పదిహేను మందిలో ఒక్కరూ నవ్వలేదు, అదీ నా బాధ.

సరే, ఇదంతా మన గచ్చిబౌలి గొడవ కదా, దీన్ని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దాకా ఎందుకు లాగుతున్నానంటారా? నేను జనగామ వాణ్ణి. మేనమామ వాళ్ళది మహబూబాబాద్ దిక్కు. 2014 ఏప్రిల్లో హార్ట్‌బ్లీడ్ వచ్చినప్పుడు ఈ మూడూ జిల్లాలే కావు, వరంగల్ జిల్లాలో ఊళ్ళు. అప్పుడు అక్కడ జనమంతా నెలాఖరు ఎలక్షన్ల హడావిడిలో ఉన్నారు. 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి (జనగామ కోసం ఎంత కొట్లాడాల్సొచ్చిందో మా వాళ్ళనడగండి). అప్పటికీ ఇప్పటికీ తేడా ఏంటంటే, బతుకు మొత్తం నెట్‌వర్క్ మీదికొచ్చేసింది. రేషన్ బియ్యానికి వేలు పెట్టాలి. పింఛనుకి వేలు పెట్టాలి. భూమి పట్టా 2020 అక్టోబర్ నుంచి ధరణిలో, 2025 ఏప్రిల్ నుంచి భూభారతిలో. కౌలు రైతు పిల్లాడికి ఇన్‌కం సర్టిఫికెట్ కావాలన్నా మీసేవే. ఈ ప్రతిదాని కిందా ఎక్కడో ఒకచోట టీఎల్ఎస్ ఉంటుంది, దాని కింద ఓపెన్ ఎస్ఎస్ఎల్ లాంటి లైబ్రరీ ఒకటుంటుంది.

నా పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాను. మా మామ వేలిముద్ర పోతే? ఆధార్ నంబరు పోతే? ఆయన మార్చుకోగలిగింది ఏమీ లేదు. అందుకే అటువైపు కీ మార్చాల్సిన బాధ్యత మన వైపు మరీ ఎక్కువ. మనం చేసేది మాత్రం తిరకాసు. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అని ఊరూరా బోర్డులు పెట్టిస్తాం, ఫోన్లో పాటలు పాడిస్తాం. పాపం మామ నాక్కూడా ఫోన్ చేసి "అల్లుడా, గీ నంబరు వచ్చింది, నీకు చెప్పొచ్చునా?" అని అడుగుతాడు. అంత భయంగా కాపాడుకుంటున్నాడాయన నాలుగంకెల్ని. సర్వరు ప్రైవేట్ కీ పోయి ఉండొచ్చని తెలిసీ రెండేళ్ళ సర్టిఫికెట్‌కి డబ్బు కట్టేశాం కదా, గడువు తీరేదాకా కానిద్దాం అన్నవాళ్ళు మన వృత్తిలో ఉన్నారు. తాళం బొమ్మ కనిపిస్తే నమ్మండని ఆయనకి నేర్పింది ఎవరు? మనమే.

"ఊళ్ళోవాళ్ళకి ఎన్క్రిప్షన్ గురించి ఏం తెలుసండీ, చెప్పి లాభమేంటి" అనే వాదన చాలాసార్లు విన్నాను. ఇది ఒట్టి బద్ధకం. కెనడాలో హార్ట్‌బ్లీడ్ వాడి పన్నుల శాఖ నుంచి సుమారు 900 మంది నంబర్లు లాగారు. ఆ శాఖ సైటు మూసేసింది, పన్ను గడువు పొడిగించింది, ఆ 900 మందికీ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు రాసింది. ఫోన్లూ ఈమెయిళ్ళూ చేస్తే మోసగాళ్ళు ఆ పేరుతో వల వేస్తారని మరీ ఉత్తరాలే పంపింది. వాళ్ళందరికీ బఫర్ ఓవర్‌రీడ్ అంటే ఏంటో తెలుసా? తెలియక్కర్లేదు. నీ నంబరు పోయింది, జాగ్రత్త అని చెప్తే చాలు. మన ఊళ్ళకి పోస్ట్‌మ్యాన్ రోజూ వస్తాడు.

భూపాలపల్లిలో సింగరేణి భూగర్భ గనుల్లో పనిచేసే కార్మికుడికి పైకప్పు ఇంజనీరింగ్ తెలియాలని ఎవరూ అనరు. షిఫ్టు దిగేముందు మైనింగ్ సర్దార్ తిరిగి చూడాలి, చూసింది రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. అది చట్టం. కప్పు కూలితే ఆ పుస్తకమే ముందు తెరుస్తారు. మన దగ్గర ఆ సంతకం ఎవరిది? చేంజ్ రిక్వెస్ట్‌లో "ఇంపాక్ట్: నిల్" అని రాసినవాడిదా?

పోనీ ప్యాచ్ వెయ్యడమైనా టైముకి చేస్తున్నామా అంటే అదీ లేదు. 2017 మే నెలలో వన్నాక్రై వచ్చి ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లని పట్టుకుంది. మైక్రోసాఫ్ట్ దానికి ప్యాచ్ ఇచ్చింది మార్చి 14న, రెండు నెలల ముందు. 2019లో రాన్సమ్‌వేర్ రెండు రాష్ట్రాల డిస్కంల మీద పడింది. అందులో మా మూడు జిల్లాలకీ కరెంటిచ్చే ఎన్‌పీడీసీఎల్ కూడా ఉంది. ఇవి లైబ్రరీ లోపాలు కావు, ఒప్పుకుంటాను. కానీ కౌంటర్ దగ్గర బిల్లు పట్టుకుని నిలబడ్డవాడికి ఆ తేడా ఎందుకు?

ఇంకో మాట, కొంచెం చేదుగా ఉంటుంది. ప్రపంచంలో సగం సర్వర్లు నమ్ముకున్న ఓపెన్ ఎస్ఎస్ఎల్‌కి 2014కి ముందు ఏడాదికి వచ్చిన విరాళాలు సుమారు 2000 డాలర్లు. పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడు. హార్ట్‌బ్లీడ్ తర్వాత లైనక్స్ ఫౌండేషన్ పూనుకుని పెద్ద కంపెనీల చేత డబ్బు పెట్టించింది, అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నారు. ఆ కోడ్ మీద బిల్లింగ్ చేసుకున్న మన సర్వీస్ కంపెనీల్లో ఎన్ని ఒక్క ఇంజనీరునైనా అటు కేటాయించాయి? బెంచ్ మీద జనాన్ని కూర్చోబెట్టి సర్టిఫికేషన్లు రాయిస్తారు గానీ, ఆ లైబ్రరీ టెస్టులు చదవమని ఒక్కరికీ చెప్పరు.

సర్టిఫికెట్ మార్చడం కష్టం, కొనుగోలు ఫైలు కదలాలి, ఆర్నెల్లు పడుతుంది అనే సాకు కూడా ఇక చెల్లదు. 2025 ఏప్రిల్లో బ్రౌజర్ కంపెనీలూ సర్టిఫికెట్లిచ్చేవాళ్ళూ కలిసి తీర్మానం చేశారు. సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029 మార్చికల్లా 47 రోజులు. చేత్తో మార్చుకుంటూ కూర్చునే రోజులు పోయాయి, ఆటోమేట్ చెయ్యక తప్పదు. అయితే స్క్రిప్టు రాసేవాడు పాత కీనే మళ్ళీ మళ్ళీ పంపేలా రాస్తే 47 రోజులకోసారి అదే దొంగకి అదే తాళంచెవి ఇచ్చినట్టే. ఇలా రాసిన స్క్రిప్టులు చూశాను కాబట్టే చెప్తున్నా.

కాబట్టి తర్వాతి సీవీఈ వచ్చినప్పుడు, కీ బయటపడే రకమైతే, టికెట్ క్లోజ్ చేసేముందు మూడు సంగతులు అందులో రాయండి: ప్రాసెస్ రీస్టార్ట్ అయిన టైము, కొత్త కీ ఫింగర్‌ప్రింటు, పాత సర్టిఫికెట్ రివోక్ చేసిన తేదీ. జనం వివరాలు పోయే అవకాశం ఉంటే, వాళ్ళకి ఎవరు చెప్తున్నారని కాల్‌లో గట్టిగా అడగండి. వద్దన్నారా, ఆ వద్దన్నమాట ఈమెయిల్లో రాసిమ్మనండి.