గోకికొను కుక్కకు పురుగుమందు పూయరాదు

మొగల్తూరు చుట్టుపట్ల కళ్లములను, కొబ్బరితోటలను కాచు కుక్క గోకికొని గోకికొని పుండ్లు పడినచో, మన రైతులలో కొందరు చేనికి కొట్టు పురుగుమందునో, ఇంజనునుండి తీసిన పాతనూనెనో దానికి పూయుదురు. కుక్క తన యొడలు నాకికొనును గదా! ఆ విషము దాని కడుపులోనికే పోవును.

నడుముమీదను తోకమొదటను దురద హెచ్చైనచో, అది గజ్జియే కానక్కరలేదు. వెండ్రుకలలో గెంతు చిన్నపురుగుల యుమ్మి కొన్ని కుక్కలకు పడదు. దీనినే వైద్యులు ఎలర్జీ యందురు. వానికి కొలది కాట్లే చాలును. పురుగు గ్రుడ్లు కుక్క పరుండు గోనెపై రాలును గనుక, గోనెను వేడినీట నుతికి యెండవేయక కుక్కకు మందెంత వేసినను వ్యర్థమే. కుక్కమందును పిల్లికి మాత్రము పూయకుడు. పెర్మెత్రిన్ గలది పిల్లికి ప్రాణాంతకము.

గేదెను పశువుల ఆసుపత్రికి తోలుకొనిపోవునాడు కుక్కనుకూడ వెంట గొనిపోవుడని సభ్యులను కోరుచున్నాము. గజ్జియో కాదో వైద్యుడు చర్మము గీకి చూచి చెప్పును.