ఇంటికొక దుబాసీ

అమెరికాలో మన ఇళ్ళకు వచ్చే పెద్దవాళ్ళ కోసం మనం చేసే ఏర్పాట్లు తక్కువేమీ కావు. కింది గది ఖాళీ చేసి మంచం వేయిస్తాం. సోనా మసూరి బస్తా దించుతాం. మాత్రలకు వారం రోజుల అరల డబ్బా కొంటాం. గుడికి శనివారాలు, నయాగరాకు ఒక లాంగ్ వీకెండు ముందే కేటాయిస్తాం. అన్నీ ఆలోచిస్తాం గాని, ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తోచదు. సోమవారం పొద్దున్నే మనం కార్లెక్కి ఆఫీసులకూ, పిల్లలు పసుపు బస్సెక్కి బడికీ వెళ్ళిపోయాక, సాయంత్రం ఆరింటిదాకా ఆ నిశ్శబ్దమైన ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఏం చేస్తారు?

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. తల్లిదండ్రులకు విమానం టిక్కెట్టు కొన్న రోజే, ఇరవై డాలర్ల లోపు దొరికే యూనివర్సల్ రిమోటు ఒకటి కొనాలి. వాళ్ళు దిగేలోపు దానికి మన టీవీ భాష నేర్పించి, వాళ్ళ చేతికి వీలుగా అమర్చి ఉంచాలి. ఇంత చిన్న విషయానికి సావనీరులో వ్యాసమా అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. కాకపోతే చివరిదాకా చదివి నవ్వండి.

మన హాల్లో సోఫా ముందున్న బల్ల మీద ఎన్ని రిమోట్లున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. టీవీకొకటి, కేబుల్ పెట్టెకో డిష్ పెట్టెకో ఒకటి, సౌండ్ బారుకొకటి, వెనకాల గుచ్చిన స్టిక్కుకొకటి. నాలుగు తలలున్న బ్రహ్మదేవుడికైతే సరిపోతాయి గాని, డెబ్భై ఏళ్ళ మనిషికి ఎలా? ఇందులో దేనితో టీవీ వెలుగుతుంది, దేనితో శబ్దం తగ్గుతుంది, దేనితో తెలుగు ఛానలు వస్తుంది అన్నది ఇంటివాళ్ళకు అలవాటైన రహస్యం. పొరపాటున 'ఇన్‌పుట్' మీట మీద వేలు పడిందా, తెర నీలంగా మారిపోయి 'నో సిగ్నల్' అని రాస్తుంది. ఇక ఆ రోజుకు అంతే.

మా మామయ్యగారు విజయవాడలో ముప్ఫై ఏళ్ళకు పైగా రైల్వే సిగ్నల్ శాఖలో పని చేసి రిటైరయ్యారు. మా ఇంటికి వచ్చిన రెండో వారంలో, సాయంత్రాలు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి టీవీ ఆపేసి ఉండేది. "ఏం మామయ్యగారూ, వార్తలు చూడలేదా?" అంటే, "కళ్ళు మంటగా ఉన్నాయమ్మా, నేనే వద్దనుకున్నాను" అనేవారు. నాలుగు రోజులు కళ్ళు మండాయి. అయిదో రోజు మా అబ్బాయి బడి నుంచి వచ్చి రిమోటు అందుకుంటే తెర మీద 'నో సిగ్నల్' కనిపించింది. అప్పుడు గాని అత్తయ్యగారు అసలు సంగతి చెప్పలేదు. "మంగళవారం నుంచీ అలాగే ఉందే. మీరు అలిసిపోయి వస్తారు, అడగొద్దన్నారు మీ మామయ్య" అన్నారు. ఆయనకు అడగడం నామోషీ కాదు. కోడలి పని ఒకటి పెంచడం ఇష్టం లేదు.

ఆ మర్నాడు ఆయన అన్న మాట నాకు బాగా నచ్చింది. "మా కేబిన్లో వరసగా లీవర్లుండేవమ్మా. ప్రతిదానికీ ఒక నెంబరు, ఒక రంగు. ఎరుపు సిగ్నలుకి, నలుపు పాయింట్లకి, నీలం లాకులకి. కొత్తగా చేరినవాడికి కూడా ఏది లాగితే ఏమవుతుందో చూడగానే తెలిసేది. ఈ రిమోటు మీద యాభై మీటలున్నాయి, అన్నీ నలుపే" అన్నారు. వేల మంది ప్రాణాలు మోసే రైళ్ళను నడిపించిన మనిషి ఒక ప్లాస్టిక్ ముక్క ముందు తెల్లమొహం వేశారంటే, తప్పు ఆ మనిషిదా, ముక్కదా?

ఈ కథ మా ఒక్క ఇంటిది కాదు. మన సంఘం పిక్నిక్కులో ఏ పెద్దవాళ్ళ గుంపు దగ్గర కూర్చున్నా ఇలాంటివి రెండు మూడు వినబడతాయి. వాళ్ళు నవ్వుతూనే చెబుతారు. కాని ఆరు నెలలు ఉండటానికి వచ్చి, కారు నడపలేక, పక్కింటివాళ్ళతో మాట కలపలేక, సొంత ఊళ్ళో నలుగురికి సలహా చెప్పిన మనిషి ఇక్కడ టీవీ పెట్టించుకోవడానికి మనవడి బస్సు కోసం ఎదురుచూడటం నవ్వులాట కాదు. "ఎప్పుడు వెళ్ళిపోదామా" అన్న ఆలోచన ఇలాంటి చిన్న చిన్న చోట్లే మొదలవుతుంది.

ఇక ఈ యూనివర్సల్ రిమోటు ఏం చేస్తుందో చెబుతాను. మన రిమోటు కొసన ఉన్న చిన్న బల్బు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని చిమ్ముతుంది. చాలా రిమోట్లలో అది సెకనుకు సుమారు 38 వేలసార్లు మిణుకుమంటూ, పొడుగు పొట్టి విరామాలతో ఒక సందేశం పంపుతుంది. అందులో ఉత్తరం మీదలాగే ఒక చిరునామా ఉంటుంది, లోపల ఒక ఆజ్ఞ ఉంటుంది. 'ఫలానా టీవీకి: శబ్దం పెంచు' అన్నమాట. చిక్కల్లా, ఒక్కో కంపెనీది ఒక్కో భాష. ఒకరి టీవీకి ఇంకొకరి రిమోటు మాట అర్థం కాదు. యూనివర్సల్ రిమోటు ఈ భాషలన్నీ కడుపులో పెట్టుకున్న దుబాసీ. మన ఇంట్లో ఏ భాష మాట్లాడాలో దానికి ఒక్కసారి చెబితే చాలు. ప్రోగ్రామింగ్ అని భయపెట్టే పేరు పెట్టారు గాని, ఉన్నది ఇంతే.

ఇది కొత్త విద్య కూడా కాదు. జెనిత్ కంపెనీ 1950లో తీగ ఉన్న రిమోటునూ, 1955లో కాంతితో పనిచేసేదాన్నీ, 1956లో అల్యూమినియం కడ్డీల మీద చిన్న సుత్తి కొట్టి చెవికి వినబడని ధ్వని పుట్టించేదాన్నీ తెచ్చింది. ఆ చివరిదానికి బ్యాటరీలే అక్కర్లేదు. తర్వాత ఇన్‌ఫ్రారెడ్ వచ్చింది. 1980ల నడిమికి అమెరికన్ ఇళ్ళలో టీవీ, వీసీఆర్, కేబుల్ పెట్టె చేరి రిమోట్లు పోగుపడ్డాక, 1985లో ఫిలిప్స్ కంపెనీ యూనివర్సల్ రిమోటు తెచ్చింది. యాపిల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ వేరే కంపెనీ పెట్టి, 1987లో ఇతర రిమోట్లను చూసి నేర్చుకునే రిమోటును అమ్మారు. అంతటి మేధావికి కూడా బల్ల మీది రిమోట్ల గుంపు తలనొప్పిగా తోచిందంటే, మన పెద్దవాళ్ళకు తోచడంలో వింతేముంది?

చేయాల్సిన పని అరగంటది. కంపెనీని బట్టి వరస కొద్దిగా మారుతుంది గాని, పద్ధతి మాత్రం ఇదే. టీవీ ఆన్ చేసి ఉంచి, రిమోటు మీద 'సెటప్' మీటను దీపం వెలిగేదాకా నొక్కిపట్టాలి. తర్వాత 'టీవీ' మీట నొక్కి, కూడా వచ్చిన కాగితంలో మన టీవీ పేరుకెదురుగా ఉన్న నాలుగైదు అంకెల కోడు కొట్టాలి. ఒక్కో పేరుకు చాలా కోడులుంటాయి. మొదటి కోడుతో టీవీ ఆగిందని సంబరపడి వదిలేయకూడదు. శబ్దం, ఛానలు, మ్యూట్ అన్నీ నొక్కి చూడాలి. ఒకటి పనిచేసి ఇంకొకటి చేయకపోతే తర్వాతి కోడు వేయాలి. కాగితం పోయిందా, దిగులు లేదు. చాలా రిమోట్లకు తమంతట తాము వెతుక్కునే పద్ధతి ఉంది. ఒక్కో కోడూ పంపుతూ పోతాయి, టీవీ ఆగిన క్షణాన మనం ఆపి ఖాయం చేయాలి. నేర్చుకునే రకమైతే పాతదాన్నీ కొత్తదాన్నీ ఎదురెదురుగా రెండంగుళాల దూరంలో పెట్టి ఒక్కో మీటా నేర్పించవచ్చు. కుదిరిన కోడును బ్యాటరీ మూత లోపలివైపు పెన్నుతో రాసిపెట్టండి. రిమోటు పనిచేస్తోందో లేదో అనుమానమొస్తే, సెల్‌ఫోను ముందువైపు కెమెరాలోంచి దాని కొసను చూస్తూ మీట నొక్కండి. చాలా ఫోన్లలో ఊదారంగు మెరుపు కనిపిస్తుంది. ఏ మీటకూ కనిపించలేదంటే ముందు బ్యాటరీలు మార్చి చూడండి.

రెండు మూడు జాగ్రత్తలు మరవకూడదు. సౌండ్ బారు ఉన్న ఇంట్లో శబ్దం మీటలు ఎప్పుడూ బారుకే వెళ్ళేలా బిగించాలి. లేకపోతే ఒకసారి టీవీదీ, ఒకసారి బారుదీ పెరిగి చెవులు పగులుతాయి. అన్నీ ఒకే మీటతో వెలిగేలా పెట్టాలన్న ఆశ అందరికీ ఉంటుంది గాని, ఈ రిమోటుకు చెప్పడమే తెలుసు, వినడం తెలియదు. ఏది వెలిగి ఉందో, ఏది ఆరి ఉందో దానికి కనబడదు. పెట్టె అప్పటికే వెలిగి ఉంటే, ఆ ఒక్క మీట టీవీని వెలిగించి పెట్టెను ఆర్పేస్తుంది. అందుకే పెట్టెను ఎప్పుడూ వెలిగించే ఉంచి, ఆ మీటను టీవీకి మాత్రమే కేటాయించడం మేలు. ఇక స్టిక్కుల్లో చాలావాటికి ఈ కాంతి భాష అసలు రాదు, అవి రేడియో తరంగాలతో మాట్లాడతాయి. ఇంట్లో అంతా స్టిక్కు మీదే చూసేవాళ్ళయితే, దాని రిమోటులోనే టీవీ పవర్, శబ్దం మీటలుంటే వాటిని కుదిర్చి, మిగతా రిమోట్లను సొరుగులో పెట్టేయండి. బల్ల మీద ఒక్కటే ఉండాలి. అది ముఖ్యం.

అసలు పని దీని తర్వాత మొదలవుతుంది. మీటలు పెద్దవిగా, తక్కువగా ఉన్న రిమోటు ఎంచుకోండి. అక్కర్లేని మీటల మీద, ముఖ్యంగా ఆ 'ఇన్‌పుట్' మీద, నల్ల టేపు అంటించండి. పవర్ మీట మీద ఎర్రటి స్టిక్కర్ బొట్టు, శబ్దానికి ఆకుపచ్చ, ఛానలుకు పసుపు. మా ఇంట్లో అత్తయ్యగారి బొట్ల ప్యాకెట్టు ఇలాగే ఖర్చయింది. రైల్వే లీవర్లకు సాటి వచ్చిందని మామయ్యగారి తీర్పు. తర్వాత ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో, 'ఎర్ర బొట్టు: వెలిగించు, ఆపు' అని నాలుగు వాక్యాలు రాసి గోడకు తగిలించండి.

ఆ నాలుగు వాక్యాలూ పిల్లల చేత రాయించండి. ఆదివారం తెలుగు బడిలో 'అ అమ్మ, ఆ ఆవు' రాసేటప్పుడు రాని ఉత్సాహం, తాతగారి కోసం 'శబ్దం పెంచు' అని రాసేటప్పుడు వస్తుంది. తాను రాసిన అక్షరాన్ని నమ్ముకుని ఒక పెద్దమనిషి రోజూ మీట నొక్కుతున్నాడంటే, తెలుగు పనికొచ్చే భాష అని ఆ పిల్లవాడికి వేరే చెప్పనక్కర్లేదు. మా అబ్బాయి 'శబ్దం'లో బ కింద ద వత్తు మర్చిపోతే వాళ్ళ తాతయ్య దిద్దించారు. ఆయన చేతికి రిమోటూ, పలకా ఒకేసారి వచ్చాయి.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళున్నారు. "వాళ్ళే నేర్చుకోవాలి, అన్నీ మనం అమర్చి పెడితే ఎలా?" అంటారు కొందరు. నేర్చుకోవడానికి వీలుగా ఉన్నది నేర్పితే తప్పకుండా నేర్చుకుంటారు. బ్యాంకు పనులు ఫోనులో చేసుకుంటున్న పెద్దవాళ్ళు మన దేశంలో ఎంతమంది లేరు? మనం ఆఫీసుకు వెళ్ళే తొందరలో "ఇది నొక్కి, అది నొక్కి, ఇలా అనండి" అని గడగడా అప్పగించేసి దాన్ని నేర్పడం అనుకుంటే మాత్రం కుదరదు. "రిమోటుతో మాట్లాడితే చాలదా?" అంటారు ఇంకొందరు. మాట్లాడి చూసిన మా అత్తయ్యగారు భక్తి పాట అడిగితే అది వంటల కార్యక్రమం పెట్టింది. కుదిరిన ఇళ్ళలో మంచిదే. కుదరని ఇళ్ళలో బొట్టు ఉన్న మీటే దిక్కు.

"టీవీ ముందు కూర్చోబెట్టడం కూడా ఒక సేవేనా? నడకకు పంపాలి, నలుగురిలో తిప్పాలి" అన్నదే వీటన్నిటిలో బరువైన మాట. ఒప్పుకుంటాను. రిమోటు మనిషికి బదులు కాదు. సాయంత్రం పక్కన కూర్చుని "ఇవాళ ఏం చూశారు?" అని అడిగే కోడలూ కొడుకూ లేకపోతే ఎన్ని ఛానళ్ళున్నా ఆ ఇల్లు మూగదే. కాని జనవరిలో మోకాలి లోతు మంచు పడ్డ రోజున నడకకు ఎక్కడికి పంపుతాం? ఆ రోజు చూడాలో వద్దో, ఏది చూడాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించుకునే హక్కు వాళ్ళ చేతిలో ఉండాలి. ఆపేసి హాయిగా పడుకోవడం వేరు, పెట్టడం రాక ఊరుకోవడం వేరు.

సంఘం పెద్దలకు కూడా ఒక విన్నపం. పండుగ రోజున చీరల దుకాణాల పక్కన, పులిహోర వరసకు కొంచెం అవతల, ఒక చిన్న బల్ల వేయించండి. హైస్కూలు పిల్లలను ఇద్దరిని కూర్చోబెట్టండి. ఎవరింట్లో ఏ టీవీ ఉందో చెబితే వాళ్ళు కోడులు వెతికి రాసిస్తారు, బొట్లు అంటించి పెడతారు, తెలుగు అట్టలు రాసిస్తారు. పిల్లలకు సేవా గంటలు కలిసొస్తాయి, పెద్దవాళ్ళతో నాలుగు తెలుగు మాటలు మాట్లాడినట్టూ ఉంటుంది. సంఘానికయ్యే ఖర్చు ఒక డజను బొట్ల ప్యాకెట్లు.

ఈ ఏడు మీ ఇంటికి పెద్దవాళ్ళు వస్తుంటే, వాళ్ళు రాకముందే ఒక ఆదివారం మధ్యాహ్నం ఈ పనికి కేటాయించండి. ఇప్పటికే వచ్చి ఉంటే, ఇవాళ ఇంటికెళ్ళాక "టీవీ పెట్టుకోవడం వస్తోందా?" అని అడగవద్దు. "ఆఁ, వస్తోంది" అనే అంటారు. రిమోటు వాళ్ళ చేతికిచ్చి, పక్కన కూర్చుని, వాళ్ళనే పెట్టమనండి.