ఆపవలసినవీ, ఆపకూడనిదీ

పరదేశంలో ఉన్న మా అబ్బాయి నిరుడు నాకొక స్మార్ట్‌వాచీ పంపినాడు. నా గుండె కొట్టుకొనే తీరు అక్కడినుండి చూసుకోవాలని వాడి ఆరాటం. ఉదయం 100 శాతం ఛార్జి చేసి కట్టుకుంటే దీపాలవేళకే కొడిగట్టేది. 4,000 మెగావాట్ల సామర్థ్యంతో యాదాద్రి విద్యుత్కేంద్రానికి 2015లో శంకుస్థాపన జరిగిన మండలం మా దామరచర్ల. నా మణికట్టుకు మాత్రం కరెంటు కరవు!

బ్యాటరీని నిందించే ముందు, పద్యంలో గణదోషం వెతికినట్లు పరీక్షించాను. రోజుకొక్క సదుపాయాన్నే ఆపి, రాత్రికి మిగిలిన శాతాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నాను. రెండింటిని ఒకేసారి ఆపితే దోషి ఎవరో తేలదు. ఎప్పుడూ వెలిగే తెర, చేయి కదిపితే మేల్కొనే ఏర్పాటు, ప్రతి వాట్సాప్ సందేశానికీ వణుకు, నడకలో జీపీఎస్ – ఇవీ తిండిపోతులు.

గుండె కొలతా కొంత తింటుంది. అడుగున ఉన్న పచ్చని వెలుగు చర్మంలోకి ప్రసరించి, నెత్తుటి కదలికతో మారే కాంతిని లెక్కిస్తుంది. దానినీ ఆపివేయమన్నారు మిత్రులు. అక్కడే నాకు అభిప్రాయభేదం. వస్తువు ఎందుకు వచ్చిందో ఆ పనినే మాన్పించి మిగుల్చుకొనేది పొదుపు కాదు, లోభం. తక్కినవి ఆపి దానిని ఉంచాను. ఇప్పుడు మరునాటి సాయంత్రం దాకా వస్తున్నది.

మా వాడపల్లి నరసింహస్వామి సన్నిధిలో ఒక దీపం స్వామి ఊపిరికి కదులుతుందని భక్తుల నమ్మకం. సముద్రాల కావల ఒకడు నా దీపపు కదలికను చూసుకుంటున్నాడు. దానికి నూనె తగ్గించలేను.